సమన్వయ లోపం

మే 13, సోమవారం

ఫార్మకాలజీ పరీక్ష మార్కులు వేయడం పూర్తయింది. రెండో సంవత్సరం పిల్లలు నన్ను ఆశ్చర్యంలో ముంచేశారు. ఇన్నేళ్ళుగా ఈ కాలేజీలో మందుల పాఠం చెబుతున్నాను, తరగతి సగటు ఇంత ఎత్తుకు ఎప్పుడూ పోలేదు. పాఠం చెప్పే తీరులో ఏదో పరిపక్వత వచ్చినట్టుంది నాకు.

తొమ్మిదో ప్రశ్న గురించి రాసుకోవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న ముసలాయనకి ఏ మందు ఎంత తగ్గించి ఇవ్వాలన్నది ప్రశ్న. అందరూ దాదాపు ఒకే మాటల్లో జవాబు టైప్ చేశారు. చివర్లో ఒక్కరు తప్ప అందరూ ఒక వాక్యం చేర్చారు: "ఇది కొంచెం డౌటే, ఎవరైనా ఒకసారి చూడండి." చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. డాక్టరుకి వినయం ఉండాలని మొదటి క్లాసులో చెప్పాను. ఇంత లోతుగా నాటుకుంటుందని అనుకోలేదు.

ఫెయిలైంది ఒక్కమ్మాయి. బియన్ సోరా. మిగతావాళ్ళకంటే వయసులో పెద్దది, ఇంతకుముందు ఎక్కడో నర్సుగా చేసిందట. ఆమె జవాబు చివర ఆ వాక్యం లేదు. వినయం లేదన్నమాట.

మే 14, మంగళవారం

భోజనాల దగ్గర మా ఆవిడ యొన్‌జుకి ఆ తొమ్మిదో ప్రశ్న సంగతి చెప్పాను. పొద్దంతా మందుల షాపులో నిలబడి వచ్చిన మనిషి, కాస్త సంతోషిస్తుందని. ఆమె చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. నవ్వీ నవ్వీ మాకెరెల్ చేప ముల్లు గొంతుకి అడ్డం పడుతుందేమోనని నాకు భయమేసింది.

"ఏవండీ, అంతమందికీ ఒకే డౌటు, ఒకే మాటల్లో, ఒకేసారి వచ్చిందా?"

"వినయం అంటువ్యాధి లాంటిది," అన్నాను.

"అంటువ్యాధే. ఫోన్లలోంచి అంటుకుంటుంది."

నేను పరీక్ష హాల్లోనే ఉన్నాను. అంతసేపూ ఉన్నాను. హాలు గుడిలా నిశ్శబ్దంగా ఉంది. మధ్యలో బేస్‌బాల్ స్కోరు చూసిన మాట నిజమే, కానీ అది కాసేపే.

మే 15, బుధవారం

ఉపాధ్యాయ దినోత్సవం. లంచాల నిరోధక చట్టం వచ్చాక విద్యార్థులు మాకు ఏమీ ఇవ్వకూడదు. తరగతి ప్రతినిధి అందరి ముందూ ఇచ్చే పువ్వుకి మాత్రం మినహాయింపు ఉంది. రెండో సంవత్సరం ప్రతినిధి సన్‌వూ హ్యోక్ నా కోటుకి ఎర్రటి కార్నేషన్ గుచ్చాడు. "మాలో నిజాయితీ నాటిన చేతులివి సార్," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి కుర్రాడు. వాళ్ళ నాన్న మన ఆసుపత్రిలోనే గుండె డాక్టరు.

మధ్యాహ్నం బియన్ సోరా నా గదికొచ్చింది.

"చూడమ్మా, వెనకబడ్డానని సిగ్గుపడకు. తోటివాళ్ళ సాయం తీసుకో," అన్నాను.

"ఇవ్వబోయారు సార్. పరీక్ష హాల్లోనే."

"అంటే?"

"జవాబులు ఫోన్లో క్లాసు గ్రూపుకి వస్తాయి. నేను ముందు రోజే ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను."

ఎవరు పంపారని అడిగాను. పేర్లు చెప్పడానికి రాలేదంది. ఆమె అడిగింది ఒక్కటే. మా దగ్గర పాస్ గీత తరగతి సగటును బట్టి పైకీ కిందికీ జరుగుతుంది. సగటు ఆకాశానికి పోయింది కాబట్టి గీతా పోయింది. పోయినేడాదైతే ఆమె మార్కులకి హాయిగా పాసయ్యేది. ఇప్పుడు ఒక్క సబ్జెక్టు పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి.

"నా పేపరు ఒక్కటే విడిగా చూడండి సార్. నాకు వచ్చా, రాదా? అది చెప్పండి చాలు."

"గ్రూపులో ఎందుకు ఉండలేదమ్మా? అందరూ ఉన్నారుగా."

"వార్డులో పనిచేశాను సార్. నాకేం రాదో నాకు తెలియకపోతే భయమేస్తుంది నాకు."

పరిశీలిస్తానని చెప్పి పంపేశాను. కోటు మీది పువ్వు సాయంత్రానికే వాడిపోయింది. ఈ మధ్య పువ్వులు నాణ్యంగా ఉండటం లేదు.

మే 16, గురువారం

డీన్ బాంగ్ దగ్గరికి వెళ్ళాను. విషయం విని ముందు లేచి తలుపేశాడు, తర్వాత కిటికీ వేశాడు.

"ఏమయ్యా మేంగ్, ఆ మాట నువ్వు ఇంకెవరి దగ్గరైనా అన్నావా?"

"ఏ మాట సార్?"

"అదే. క-తో మొదలయ్యేది."

"కాపీ..."

"ష్! ఈ గదిలో ఆ మాట వినపడకూడదు. వచ్చే నెల సియోల్ నుంచి తనిఖీ బృందం వస్తోంది. గుర్తింపు పోతే నువ్వూ నేనూ రోడ్డు మీద చేపల బజ్జీలు అమ్ముకోవాలి. పిల్లలు జవాబుల విషయంలో కాస్త సమన్వయం చేసుకున్నారు. అంతే జరిగింది. అర్థమైందా?"

విద్యార్థి వ్యవహారాల బాధ్యుణ్ణి కాబట్టి విచారణ కమిటీకి నన్నే అధ్యక్షుణ్ణి చేశాడు. వచ్చే ఏడాది ఆయన రిటైరవుతున్నాడు. "ఇలాంటివి నేర్పుగా దాటించినవాడే ఈ కుర్చీకి తగినవాడు," అన్నాడు కుర్చీ చేతిని నిమురుతూ. నాకు కుర్చీల మీద ఆశ లేదు. ఆ కుర్చీ తోలు మాత్రం మంచిది.

మే 20, సోమవారం

కమిటీ మొదటి సమావేశం. కమిటీకి పేరేం పెట్టాలన్నది చర్చించాం. 'విచారణ' అంటే ఏదో జరిగినట్టుంటుందని తీసేశాం. 'పరీక్షా సమాచార సమన్వయ అధ్యయన సంఘం' అని తేలింది. బయోకెమిస్ట్రీ ఆవిడ 'అధ్యయన' బదులు 'అభివృద్ధి' అంటే ఉత్సాహంగా ఉంటుందంది. రేపు చర్చిస్తాం.

మే 21, మంగళవారం

'అధ్యయన' అనే ఖాయం చేశాం.

మే 23, గురువారం

ఎవరో పొరపాటున అసలు విషయం ఎత్తారు. అందరికీ సున్నా వేస్తే పోలా అన్నారు. దాంతో ఆసుపత్రి డైరెక్టరు బల్ల మీద చెయ్యి వేసి లేచాడు.

"వెయ్యండి సున్నాలు! అప్పుడు పై తరగతికి వచ్చేది ఆ ఒక్క పిల్ల. రేపు నాకు ఇంటర్న్‌లు ఏరి? ఆ పిల్లనే పొద్దున ప్రసూతిలో, మధ్యాహ్నం ఎముకల్లో, సాయంత్రం ఎమర్జెన్సీలో నిలబెట్టమంటారా?"

"అదీగాక," డీన్ అందుకున్నాడు, "అందరికీ సున్నా వేస్తే సగటు పడిపోతుంది. ఆ పిల్ల కాలేజీ చరిత్రలోనే టాపరవుతుంది. చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది?"

చాలా న్యాయమైన ప్రశ్న. ఎవరు పంపారో, ఎవరు చూశారో ఒక్కొక్కరి మీదా విడివిడిగా రుజువు లేదు కాబట్టి ఎవరి మార్కులూ మార్చకూడదని తీర్మానించాం. ఎవరి మార్కులూ అంటే సోరావి కూడా. మేం పక్షపాతం చూపలేదు.

పిల్లలందరూ స్వదస్తూరీతో క్షమాపణ రాయాలి. అదే శిక్ష. కఠినమైనదే.

మే 24, శుక్రవారం

హ్యోక్ వచ్చాడు. "సార్, క్షమాపణ ఎలా రాయాలో మాకు తెలియదు. తప్పులు పోతాయని భయంగా ఉంది. ఒక నమూనా ఇప్పిస్తే..."

ఆఫీసు వాళ్ళతో నమూనా తయారు చేయించి పంచాను. సాయంత్రానికల్లా అందరివీ వచ్చేశాయి. కామా కూడా తేడా లేకుండా నమూనా చూసి దించారు. సూచనలు పాటించే శ్రద్ధ ఈ బ్యాచ్‌లో చాలా ఉందని డీన్ మెచ్చుకున్నాడు.

ఒక్కటి రాలేదు.

మే 27, సోమవారం

సోరాని పిలిపించాను. మెత్తగానే చెప్పాను.

"అందరూ రాశారమ్మా. నువ్వు ఒక్కదానివి రాయకపోతే మిగతావాళ్ళు ఏదో చేసినట్టు అవుతుంది."

"చేశారు కదా సార్."

"అలా అనకూడదు."

"మరి నేను దేనికి క్షమాపణ చెప్పాలి?"

"జరిగినదానికి."

"నేను చెయ్యనిదానికి నేను చెప్పాలి, చేసినవాళ్ళేమో మీరు రాసిచ్చింది దించితే సరిపోతుంది. అంతేనా సార్?"

గొంతు పెంచింది. నర్సుగా చేసినవాళ్ళకి డాక్టర్లతో మాట్లాడే పద్ధతి బాగా తెలిసుండాలి. ఏదేమైనా, ఆదేశం పాటించని విద్యార్థి ఆమె ఒక్కతే కాబట్టి బుధవారం ఆమెను కమిటీ ముందుకు పిలవాల్సి వచ్చింది. నిబంధనల ప్రకారమే.

మే 29, బుధవారం

పొద్దున యొన్‌జు సముద్రపు నాచు సూప్ పెట్టింది. పరీక్ష ఉన్నవాళ్ళకి ఎవరైనా అది పెడతారా? జారిపోయి ఫెయిలవుతారని చిన్నపిల్లలకీ తెలుసు. "ఇవాళ పరీక్ష మీకు కాదుగా, తాగండి," అంది.

సమావేశం సజావుగా జరిగింది.

మే 30, గురువారం

సజావుగానే జరిగింది. వివరాలు రాయనక్కర్లేదు.

మే 31, శుక్రవారం

యొన్‌జు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. ఏం జరిగిందో రాస్తే నాకే స్పష్టంగా ఉంటుందేమో.

సోరా ఒంటరిగా వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనే అనాల్సింది.

"నేను చేసిన తప్పేమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. అదే రాసి సంతకం పెడతాను," అంది.

అందరూ డీన్ వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అదీ... నువ్వు... ఆ సమన్వయంలో..."

"ఉన్నానా సార్?"

"లేవు."

"లేకపోవడం తప్పా?"

ఇక్కడే చిక్కొచ్చింది. ఆమె ఏం చెయ్యలేదో చెప్పాలంటే ఆ మాట వాడాలి. ఆ మాట వాడకూడదని మేమే తీర్మానించాం. బల్ల చుట్టూ పెద్ద పెద్ద ప్రొఫెసర్లం. నీళ్ళ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం. చివరికి డీన్ మెరుపులా ఒక మాట పట్టుకున్నాడు.

"సమన్వయ లోపం! తోటి విద్యార్థులతో సమన్వయ లోపం. అదీ నీ తప్పు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సోరా నవ్వింది. నవ్వు కాదది. హెచ్చరిక ఇవ్వాలా వద్దా అన్నదాని మీద కమిటీ సగం సగంగా చీలింది. బయోకెమిస్ట్రీ ఆవిడ కూడా ఆ పిల్ల వైపే చెయ్యెత్తింది, నేనైతే ఊహించలేదు. అధ్యక్షుడి ఓటు మిగిలింది. నేను తటస్థంగా ఉందామనే అనుకున్నాను. తల దురద పెట్టి చెయ్యెత్తాను, దాన్ని వాళ్ళు లెక్కేసుకున్నారు.

తల దురద పెట్టలేదు.

ఆమెకి లిఖితపూర్వక హెచ్చరిక. ఫెయిలు ఫెయిలే. హెచ్చరిక అందుకున్నది కాలేజీ మొత్తంలో ఆమె ఒక్కతే.

జూన్ 6, గురువారం

సెలవు. కొండెక్కుదాం రమ్మన్నాను యొన్‌జుని. "మీరు వెళ్ళండి, పైనుంచి అన్నీ చిన్నగా కనపడతాయి, మీకు బాగుంటుంది," అంది. మాట్లాడింది కాబట్టి సంతోషించాను.

జూన్ 14, శుక్రవారం

తనిఖీ బృందం పిల్లలతో ముఖాముఖి మాట్లాడుతుందట. డీన్ పదిమందిని ఏరి హ్యోక్ చేత తర్ఫీదు ఇప్పిస్తున్నాడు. ప్రశ్నలు ఎలా సంపాదించాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇద్దరి మధ్యా మంచి సమన్వయం ఉంది.

జూన్ 18, మంగళవారం

తనిఖీ. బృందానికి పెద్ద ఒక ముసలావిడ. పొట్టిగా, పెద్ద రబ్బరు బూట్లతో వచ్చింది. మేం ఏరిన పదిమందీ వరసగా కూర్చుంటే, వాళ్ళని చేత్తోనే ఆగమని, "ముందు టాయిలెట్ ఎక్కడో చూపించండి," అంది. వెళ్ళినావిడ ఎంతకీ తిరిగి రాలేదు. డీన్ నన్ను వెతకమని పంపాడు.

లైబ్రరీలో ఉంది. సోరా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది. గుండె జబ్బు మందు గురించి అడుగుతోంది, సోరా చెబుతోంది. ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. ఆ జవాబూ వచ్చింది. మూడోదానికి సోరా, "అది నాకు తెలియదండీ. కానీ వార్డులో ఇలాంటప్పుడు ముందు రోగి ఇంకేమేం మందులు మింగుతున్నాడో అడుగుతాం," అంది. ముసలావిడ ముఖం వెలిగింది. ఇద్దరూ రోగుల కబుర్లలో పడ్డారు. నేను అల్మరా పక్కన నిలబడి విన్నాను. పిలవబుద్ధి కాలేదు.

ఇన్నేళ్ళ పాఠాల్లో ఆ మందు గురించి అంత చక్కగా నేనెప్పుడూ చెప్పలేదేమో.

జూన్ 19, బుధవారం

తొమ్మిదింటికే డీన్ ఫోను. ముసలావిడకి మన కాలేజీ తెగ నచ్చిందట. నిన్నటి అమ్మాయి గురించి నివేదికలో ప్రత్యేకంగా రాస్తుందట. అందుకని ఆమె మార్కుల వివరాలు సాయంత్రంలోగా పంపమంది.

పరుగెత్తుకుని వెళ్ళాను. డీన్ ముఖం అన్నం గంజిలా తెల్లబోయి ఉంది.

"అంతమందిలో ఆ పిల్లే దొరికిందా ఆ ముసలిదానికి! ఫార్మకాలజీ ఫెయిలని చూస్తే ఏమనుకుంటుంది? మేంగ్, ఇప్పుడే పాస్ చేసెయ్. ఏదో పొరపాటు జరిగిందని రాయి."

"ఫలితం మార్చాలంటే కారణం రాసి మీరు సంతకం పెట్టాలి సార్."

"రాయి! పట్టుకురా! పెడతాను!"

గదికి వచ్చి కూర్చున్నాను. 'సాంకేతిక పొరపాటు' అని రాశాను. పొరపాటేమిటని అడుగుతారు. కొట్టేశాను. 'సగటు లెక్కింపులో తేడా' అన్నాను. తేడా ఎందుకొచ్చిందంటారు. కొట్టేశాను. 'సమన్వయం వల్ల' అని రాస్తే నాకే అర్థం కాలేదు. నెల రోజులుగా ఉన్న మాటలన్నీ వాడేసినట్టున్నాం, ఒక్కటీ మిగల్లేదు. పక్క గదిలో ఎవరో కాఫీ మిషన్ నొక్కుతున్నారు. నిన్న లైబ్రరీలో ఆ పిల్ల "నాకు తెలియదండీ" అన్నప్పటి ముఖం పదే పదే గుర్తొచ్చింది.

చివరికి రాశాను: "బియన్ సోరా తప్ప తరగతిలో మిగతావారు కాపీ కొట్టడం వల్ల సగటు పెరిగి, ఆమె అన్యాయంగా ఫెయిలయింది."

నేను ధైర్యం చేశానని కాదు. ఇంకో మాట తోచలేదు, అంతే.

డీన్ అప్పుడు గుర్తింపు వేడుకకి బ్యానర్ రంగు ఎంచుకుంటున్నాడు. చదవలేదు. "నీలమా, ఎరుపా?" అని నన్నడుగుతూనే సంతకం పెట్టేశాడు.

"నీలం సార్," అన్నాను.

జూన్ 20, గురువారం

మార్కులతో పాటు వెళ్ళిన ఆ కాగితం చదివి, పొద్దుట సియోల్ నుంచి ముసలావిడ డీన్‌కి ఫోన్ చేసింది. ఆయన అరుపులు కింద పార్కింగ్ దాకా వినిపించాయట. నేను పార్కింగ్‌లోనే ఉన్నాను.

"మేంగ్! నువ్వు... నువ్వు ఆ మాట రాశావా? నా సంతకం మీద?"

"సంతకం కింద ఉంటుంది సార్. మాట పైన ఉంది."

ఇది నేను అన్నానంటే యొన్‌జు నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఫ్రిజ్‌లోంచి బియ్యపు కల్లు మక్కొల్లి సీసా తీసి, ఇత్తడి గిన్నెలు రెండూ నిండా పోసింది.

జూన్ 21, శుక్రవారం

పొద్దున లేచేసరికి భయమేసింది. అలా రాయకుండా ఉండాల్సిందా? 'సమాచార లోపం' అని ఉంటే సరిపోయేదేమో. అది అప్పుడు తోచలేదు.

జూన్ 25, మంగళవారం

గుర్తింపు ఆపేశారు. రెండో సంవత్సరం వాళ్ళందరికీ మళ్ళీ పరీక్ష పెట్టి, బృందం ముందు జరిపించాలట. ఫోన్లు ఉండవు, కాగితం, పెన్నే. పాస్ గీత కదలకూడదు. సోరా హెచ్చరిక రద్దు. ఈ పరీక్ష ఆమె కూడా రాయాలి. ఆమెకి మినహాయింపు ఇస్తామంటే తనే వద్దందట.

నన్ను విద్యార్థి వ్యవహారాల నుంచి తప్పించారు. ఆ తోలు కుర్చీ నాకు రాదు. నడుముకి అంత మెత్తని కుర్చీ మంచిది కాదని విన్నాను.

జూన్ 27, గురువారం

కొత్త ప్రశ్నలు తయారు చేస్తున్నాను. ఏళ్ళ తరబడి అవే తిప్పి తిప్పి ఇస్తున్నట్టున్నాను. రెండు ప్రశ్నలకే మధ్యాహ్నమైంది. పుస్తకం తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. యొన్‌జు షాపు నుంచి ఫోన్ చేసి, ముసలి రోగులకి ఏ మందు దగ్గర నిజంగా ఇబ్బందులొస్తాయో చెప్పింది. రాసుకున్నాను.

జూలై 5, శుక్రవారం

పరీక్ష. హాల్లో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయి. పిల్లలు పెన్నులు కొరుకుతున్నారు, పైకప్పు చూస్తున్నారు. హ్యోక్ చొక్కా వీపంతా చెమట. పేపరిచ్చేటప్పుడు, "సార్, ఇది ఎంత కష్టంగా ఉందో తెలుసా?" అన్నాడు. ఈసారి పొగడ్త లేదు. వాడి నోట మొదటిసారి నిజంగా ఏదో విన్నట్టనిపించింది.

జూలై 9, మంగళవారం

తరగతిలో మూడో వంతు ఫెయిలు. హ్యోక్ కూడా. వాళ్ళ నాన్న లిఫ్టులో నన్ను చూసి తర్వాతి అంతస్తులోనే దిగిపోయాడు. ఆసుపత్రి డైరెక్టరు ఇంటర్న్‌ల లెక్క వేసుకుంటూ ఎవరు దొరికితే వాళ్ళని తిడుతున్నాడు. డీన్ బ్యానర్ చుట్టించి స్టోర్‌రూమ్‌లో పెట్టించాడు. నీలం రంగు నిజంగానే బాగుంది.

జూలై 12, శుక్రవారం

చోబోక్, వేసవిలో కోడి సూప్ తాగే తొలి రోజు. ఎండ మొదలైంది. యొన్‌జు కోడిలో జిన్‌సెంగ్ వేరు కూరి వండుతానంది, తొందరగా రమ్మంది. బయల్దేరుతుంటే సోరా వచ్చింది, పేపరు చేత్తో పట్టుకుని.

"సార్, చూశారా నా మార్కులు?"

"చూశాను. మామూలుగా వచ్చాయి."

"అవును సార్, మామూలుగా!" అంది. ఆ మాట అనడంలో ఎంత సంబరమో. ఎక్కువా లేదు, తక్కువా లేదు, తరగతి మధ్యలో హాయిగా పాసయింది. తర్వాత పేపరు నా బల్ల మీద పరిచింది. "కానీ ఈ ఆరో ప్రశ్నకి మార్కు కోశారు. ఇది అన్యాయం సార్. నేను రాసింది కరెక్టే."

"కాదమ్మా. మోతాదు తప్పు రాశావు."

"వార్డులో మేం ఇంతే ఇచ్చేవాళ్ళం!"

"అప్పుడు వార్డులో కూడా తప్పే ఇచ్చేవాళ్ళు."

వదల్లేదు. పుస్తకం తీయించింది. పేజీ తీసి చూపించాను. ఇంకో పుస్తకం తీయమంది. తీశాను. ఇంటి నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది, ఎత్తలేదు. చాలా కాలానికి ఒక విద్యార్థి నాతో మార్కు కోసం పోట్లాడుతోంది. నాకు చెమట పడుతోంది, ఆకలేస్తోంది, లేవాలనిపించడం లేదు. చివరికి పేపరు లాక్కుని, "మీరు మొండి మనిషి సార్," అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

మార్కు ఇవ్వలేదు. ఆ జవాబు తప్పు.